భుజం మీది చెయ్యి

తలకాయలు కోయడం శైలజకు మెల్లమెల్లగా చేతికొస్తోంది. మొట్టమొదట కోసిన తలకు ఒక చెవి లేదు. ఆ తర్వాతి దానికి చెవులు రెండూ ఉన్నాయి గానీ, వెనక గోడకున్న స్విచ్చు బోర్డు కూడా ఒక చెవిని అంటిపెట్టుకుని వచ్చింది. ఆ తల ఒక యువజన నాయకుడిది. దినేశ్ దాన్ని చూసి పడీపడీ నవ్వి, "అత్తా, అన్నకు కరెంటు కనెక్షన్ ఇచ్చినవ్" అన్నాడు.

దినేశ్ ఆమెకు సొంత అన్న కొడుకు. సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో అతని ఫ్లెక్సీల దుకాణం. ఈ ఊళ్లో మనిషి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడతారు, పెళ్లికి కడతారు, పదవి వస్తే కడతారు, ప్రాణం పోతే సంతాపానికీ కడతారు. పదవి పోయినప్పుడు మాత్రం ఎవరూ కట్టరు. ఆ ఒక్క లోటు తప్ప దినేశ్‌కు ఏడాది పొడవునా చేతినిండా పనే. అలాంటి దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, చాయ్ తాగొస్తానని పోయి హైదరాబాద్‌లో తేలాడు.

అప్పుడు దినేశ్‌కు అత్త గుర్తొచ్చింది. బతుకమ్మ ఫోటోలను ఫోన్‌లో కత్తిరించి, రంగులద్ది, స్టేటస్ పెట్టుకునే అత్త. "నీకు కత్తెర పని చిన్నప్పటి సంది వచ్చు గద అత్తా, మౌస్ ఎంతసేపు?" అన్నాడు.

నిజమే. తునికాకు మీద రేకు ముక్క పెట్టి, దాని అంచు వెంబడే కత్తెర పోనిచ్చి, బీడీలు చుట్టిన చెయ్యి అది. కాకపోతే కత్తెర పనిలో ఒక సుఖముంది. ఎడమచేత్తో ఆకును ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఇక్కడ నాయకుల తలలను తిప్పడానికి లేదు. వాళ్లు ఎటు చూస్తుంటే మౌసే అటు పోవాలి. చెవి దగ్గర మలుపు వచ్చేసరికి శైలజ తన తలనే పక్కకు వంచేది. సాయంత్రానికి మెడ పట్టేసేది.

అయినా ఆమెకు ఆ కుర్చీ వదలబుద్ధి కాలేదు. ముఖ్యంగా కంట్రోల్ జెడ్ కోసం. తప్పు చేశాక రెండు మీటలు కలిపి నొక్కితే ఆ తప్పు జరగనట్టే అయిపోతుందని తెలిసిన రోజు ఆమె చాలాసేపు నమ్మలేదు. కావాలని ఒక పెద్దమనిషి ముక్కు చెరిపి, మళ్లీ తెప్పించి, మళ్లీ చెరిపి చూసింది. బీడీల కార్ఖానాలో తప్పు బీడీని ఏరి నీ కళ్ల ముందే విరిచి పారేస్తారు. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారింట్లో అయితే, తప్పును చెరిపిన వాళ్లు లేరు సరికదా ఏటా పండక్కి గుర్తుచేసేవాళ్లు. ఇంత దయగల యంత్రాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

దినేశ్ నేర్పిన రెండో పాఠం లేయర్లు. "దుప్పట్లు మడత పెట్టి ఒకదాని మీద ఒకటి పేరుస్తం సూడు, గట్ల. మీద ఉన్నదే కనవడతది. కిందిది కావాల్నంటే మీదికి గుంజాలె. పక్కన కన్ను గుర్తున్నది గద, గది మూస్తే ఆ దుప్పటి ఉన్నా కనవడదు, తెరిస్తే కనవడతది" అన్నాడు. ఆ తర్వాత వేలు చూపించి మరీ చెప్పాడు. "ఒక్కటి యాది పెట్టుకో అత్తా. అసలు ఫోటోను ఎన్నడు ముట్టకు. దాని మీద ఇంకో కాపీ ఏసుకొని గది కొయ్యి. అసలుది కింద కన్ను మూసుకొని పండుకుంటది, అంతే."

పనిలో చేరేముందు శైలజ తన బీడీల చాటను, కత్తెరను తీసుకెళ్లి పక్కింటి సాయవ్వకు ఇచ్చేసింది. సాయవ్వ అరుగు మీదే ఆ వాడకట్టు ఆడవాళ్లంతా కూర్చుని బీడీలు చుడతారు. అందరి ముందూ, "ఇగ నేను రానవ్వా, నాకు నౌకరి దొరికింది" అంది. సాయవ్వ చాటను గోడకు ఆనించి, "ఈడనే ఉంటది బిడ్డా. కంప్యూటర్ తన్నినంక యాదికొస్తది" అంది. అందరూ నవ్వారు. భివండీలో పవర్‌లూమ్ మీద పనిచేసే మొగుడు కూడా ఫోన్‌లో నవ్వాడు. కాబట్టి శైలజకు ఇప్పుడు ఈ కుర్చీ పోవడమంటే ఆ అరుగు మీదికి, ఆ నవ్వుల మధ్యకు తిరిగి పోవడమే. దినేశ్ కూడా దాపరికం లేకుండానే చెప్పాడు. "పెళ్లిళ్ల సీజన్ దాక సూద్దాం అత్తా. కుదరకుంటే హైదరాబాద్ల ఒకాయన వస్తనంటుండు. మనసుల పెట్టుకోవద్దు."

మనసులో పెట్టుకోకుండా ఎలా ఉంటుంది? ఆమెకు ఆ హైదరాబాద్ మనిషి కలలోకి కూడా వస్తున్నాడు.

*

రాజమల్లయ్య దుకాణంలోకి అడుగుపెట్టిన తీరులోనే ఆయన ఏదో గెలిచాడని తెలిసిపోయింది. ముందు కడుపు వచ్చింది, తర్వాత ఆయన వచ్చాడు, వెనక యాదగిరి వచ్చాడు. యాదగిరి ఆయన గెలుపోటములకు అన్నిటికీ వెనక ఉండే మనిషి.

"కాక మన నేతోళ్ల సంఘం అధ్యక్షుడైండు. చౌరస్తల పెద్ద ఫ్లెక్సీ పడాలె" అన్నాడు యాదగిరి.

ఇద్దరూ శైలజ వాడకట్టు వాళ్లే. రాజమల్లయ్య మగ్గం మానేసి చాలా కాలమైంది. కానీ పోగులను చూసే చూపు పోలేదు. ఎదుటివాళ్ల చొక్కా వంక చూసిన తర్వాతే ముఖం వంక చూస్తాడు. యాదగిరి ప్లాస్టిక్ కవర్లోంచి ఒక గ్రూపు ఫోటో తీశాడు. సంఘమంతా కలిసి కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయినప్పుడు దిగింది. నడుమ రాజమల్లయ్య, చారల చొక్కాలో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఇప్పుడు ఎదురుగా ఉన్న రాజమల్లయ్య అలా నవ్వగా శైలజ ఈ మధ్యకాలంలో చూడలేదు.

"గీ ఫోటోల నేను మంచిగ వడ్డ. నన్నొక్కన్ని దియ్యి బిడ్డా. గని గీ చెయ్యి ఉండొద్దు" అన్నాడాయన.

చూస్తే ఆయన కుడి భుజం మీద ఒక చెయ్యి ఉంది. పక్కన ఆనుకుని నిలబడ్డ మనిషిది.

"ఎవల చెయ్యి కాకా?"

"ఎవలదైతేంది నీకు? తీసెయ్ అంటే తీసెయ్."

యాదగిరి గొంతు తగ్గించి శైలజ చెవిలో, "ఉప్పలయ్యది" అన్నాడు.

అంతే, మిగతాదంతా ఆమెకు తెలుసు. వాడకట్టంతటికీ తెలుసు. ఉప్పలయ్య రాజమల్లయ్యకు సొంత బావమరిది, ఆయన భార్య కొమురవ్వకు తమ్ముడు. కిందటిసారి సంఘం ఎన్నికలో చేతులెత్తించి లెక్కపెట్టారు. రాజశేఖర్ అనే మనిషి చేతిలో రాజమల్లయ్య ఒకే ఒక్క చెయ్యి తేడాతో ఓడిపోయాడు. ఆ ఒక్క చెయ్యీ ఉప్పలయ్యదే. రాజశేఖర్ పేరు చదివినప్పుడు అది లేవడం రాజమల్లయ్య తన కళ్లారా చూశాడు. అప్పటి నుంచి రెండిళ్లకు మాటల్లేవు. ఉండేదేమో ఒకే గల్లీ. ఎదురుపడితే ఇద్దరూ వాన వస్తుందేమోనన్నట్టు ఆకాశం వంక చూసుకుంటూ పోతారు. నడుమ నలిగిపోయింది కొమురవ్వ. తమ్ముడి ఇంట్లో పండక్కి చేసిన గారెలు కూడా ఆమె గోడ మీంచే అందుకుంటోంది.

"గా చెయ్యే లేసింది. నా భుజం మీద అది ఉండొద్దు" అన్నాడు రాజమల్లయ్య, కుర్చీ లాక్కుని సరిగ్గా శైలజ వెనక కూర్చుంటూ.

వెనక ఎవరైనా కూర్చుంటే అన్నం కూడా సరిగా తినలేని మనిషి శైలజ. ముందు అసలు ఫోటో మీద కాపీ వేసుకుంది. స్టాంపు పనిముట్టు తీసుకుంది. ఒక చోట నొక్కి అక్కడి రంగును ఎత్తుకుని, ఇంకోచోట అద్దడమే దాని పని. ఎడమ భుజం మీది చొక్కాను ఎత్తి, కుడి భుజం మీది చేతి మీద అద్దింది. ముందు చిటికెన వేలు పోయింది. తర్వాత ఉంగరం వేలు పోయింది.

"ఆగు. పోగు తప్పింది" అన్నాడు వెనక నుంచి రాజమల్లయ్య.

"ఏది కాకా?"

"గా నీలం చార సూడు. మీదికెల్లి వచ్చి ఈడ ఇరిగింది. గిట్ల నేస్తె మా నాయిన చెంప వలగ్గొట్టేటోడు."

కంట్రోల్ జెడ్. మళ్లీ అద్దింది. ఈసారి నీలం చార కలిసింది, తెల్ల చార తప్పింది. ఆ తర్వాత తెల్ల చార కుదిరింది గానీ భుజం మీద ఒక బొత్తాం మొలిచింది. ఎత్తుకున్నచోట బొత్తాం ఉన్న సంగతి ఆమె చూసుకోలేదు. యాదగిరి రెండుసార్లు బయటికెళ్లి చాయ్ తాగొచ్చాడు. దినేశ్ దూరం నుంచి చూస్తూ, కల్పించుకుంటే రాజమల్లయ్య తాత తన వెనక కూర్చుంటాడని భయపడి, ప్రింటింగ్ మిషన్ దగ్గర లేని పని కల్పించుకున్నాడు. చివరికి బొటనవేలు కూడా పోయింది. చారలన్నీ పైనుంచి కిందికి తెగకుండా దిగాయి.

రాజమల్లయ్య తెర దగ్గరికి ముఖం పెట్టి చూశాడు. "మంచిగ నేసినవ్" అన్నాడు. శైలజకు ఏనుగెక్కినంత సంతోషమైంది. అంతలో ఆయనే మళ్లీ, "గని నేనేంది, గిట్ల వంకర ఉన్న?" అన్నాడు.

ఆమె కూడా అప్పుడే చూసింది. చెయ్యి పోయింది గానీ, ఆ చెయ్యి బరువుకు వంగిన భుజం అలాగే ఉంది. ఎవరో తోస్తే ఒక పక్కకు ఒరిగినట్టున్నాడు మనిషి.

"అది ఉప్పలయ్య మామ నీ మీద వడి నిలవడ్డడు గద కాకా, గా బరువుకు..." అంటుండగా యాదగిరి గట్టిగా దగ్గాడు. శైలజ నాలుక కరుచుకుని, "రేపటికల్ల సక్కగ చేస్త" అంది.

*

మర్నాడు దినేశ్ నంగునూరులో చుట్టాల ఇంట్లో ఫంక్షన్ ఉందని పోయాడు. పోతూ పోతూ ఒక సూత్రం చెప్పాడు. "ఫ్లెక్సీల ఖాళీ జాగ కనవడొద్దు అత్తా. ఖాళీ కనవడితే కష్టమర్ ముఖం మాడుతది."

దుకాణంలో శైలజ ఒక్కతే. జీవితంలో మొదటిసారి ఒక ఫ్లెక్సీ అంతా ఆమె చేతికొచ్చింది. రాజమల్లయ్యను బంగారు రంగు గుండ్రటి ఫ్రేములో కూర్చోబెట్టింది. పైన పెద్ద అక్షరాలతో "హార్దిక శుభాకాంక్షలు" అని పెట్టింది. కింద ఒక మూల యాదగిరి ముఖం, నమస్కారం పెడుతూ. అన్నీ కుదిరాయి. ఆ భుజమే కుదరలేదు. ఫోటోను కొంచెం తిప్పింది. భుజం సరిగ్గా వచ్చింది గానీ తల పక్కకు వాలి, బస్సులో నిద్రపోతున్నట్టు తయారయ్యాడు. భుజం మీద శాలువా కప్పి చూసింది. జ్వరం వచ్చిన మనిషిలా ఉన్నాడు.

అప్పుడు కనబడింది పూలదండ. దినేశ్ దాచుకున్న బొమ్మల్లో బంతిపూలది, గులాబీలది, మల్లెలది, ఎన్నో దండలున్నాయి. అధ్యక్షుడన్నాక దండ లేకపోతే ఎలా? మల్లెపూల దండ తెచ్చి మెడలో వేసింది. అది ఛాతీ మీద పడింది, భుజం బయటే ఉంది. దండను పెద్దది చేసింది. ఫ్రేము అంచు దగ్గరికి వచ్చేసరికి దాని కిందికి పోయి తెగిపోతోంది. దినేశ్ చెప్పిన దుప్పట్లు గుర్తొచ్చాయి. దండ లేయరును పట్టుకుని, ఫ్రేము లేయరు మీదికి గుంజింది. అంతే! దండ ఫ్రేము పైనుంచి రెండు పక్కలా నిండుగా దిగి, వంకర భుజాన్ని కనబడకుండా కప్పేసింది. శైలజ కుర్చీలోంచి లేచి నిలబడి చూసింది. ఎంత అందంగా ఉందో!

ఇక రెండు మూలల్లో కాస్త ఖాళీ మిగిలింది. ఖాళీ ఉండొద్దు కదా. వెతికితే వెలుగుతున్న ఇత్తడి దీపాలు దొరికాయి. చెరో మూల ఒకటి పెట్టింది.

పనిలో మునిగిన మనిషికి పని కనబడుతుంది గానీ బొమ్మ కనబడదు. శైలజకు కనబడింది దాగిన భుజం ఒక్కటే. ఫోటోను యాదగిరికి వాట్సాప్‌లో పంపితే, అతను బొటనవేలు గుర్తు పెట్టి, "సూపర్ అక్కా" అన్నాడు. ఆమె ప్రింటు కొట్టింది. మిషన్ అటూ ఇటూ తిరుగుతూ రాజమల్లయ్యను తల నుంచి కిందికి కొంచెం కొంచెంగా దింపుతుంటే, రంగు వాసనకు కళ్లు మండుతున్నా పక్కనే నిలబడి చూసింది. పొద్దుగూకే వేళకు యాదగిరి మనుషులు దాన్ని చౌరస్తాలో రెండు స్తంభాల మధ్య ఎత్తుగా బిగించి కట్టి పోయారు.

శైలజ ఇంటికి పోతూ దాని కింద ఆగింది. నేను చేసిన పని ఇంత పెద్దగా, ఇంత ఎత్తున! ఫోన్ తీసి ఫోటో పట్టి మొగుడికి పంపింది. "నేనే చేసిన" అని కూడా రాసింది. భివండీ నుంచి జవాబు వెంటనే వచ్చింది.

"అయ్యో! రాజమల్లయ్య కాక ఎప్పుడు పోయిండు? మొన్ననే గద ఫోన్ల మంచిగ మాట్లాడె."

శైలజ తలెత్తి చూసింది. మళ్లీ ఫోన్ చూసింది. మళ్లీ తలెత్తింది.

ఫ్రేముకు దండ. రెండు పక్కలా దీపాలు. మెడలో వేస్తే సన్మానం, ఫ్రేముకు వేస్తే సంతాపం. ఊళ్లో ఎవరింటి గోడ చూసినా తెలిసే సంగతి అది. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ రాజమల్లయ్య స్వర్గం నుంచి సిద్దిపేట ట్రాఫిక్‌ను చూస్తున్నాడు.

ఆమె ఎడమచేతి వేళ్లు గాలిలో రెండు మీటల కోసం వెతికాయి. చౌరస్తాలో కంట్రోల్ జెడ్ లేదు. యాదగిరికి ఫోన్ చేస్తే స్విచాఫ్. దినేశ్‌కు చేస్తే అక్కడ డీజే మోతలో, "పొద్దుగాల తీపిద్దాం తియ్యి అత్తా, గింతల ఎవలు సూస్తరు?" అని అరిచాడు.

*

అందరూ చూశారు. తెల్లవారి మొదటి బస్సులకు పోయేవాళ్లు చూశారు, పాలకు పోయేవాళ్లు చూశారు. పైన "హార్దిక శుభాకాంక్షలు" అని అంత లావున ఉంది కదా, చదవలేదా అంటే, చదివారు. ఇబ్రహీంపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి దుకాణం తెరిచీ తెరవకముందే వచ్చి, "బాబూ, పాపం పోయినాయన ఫ్లెక్సీల 'సంతాపం' అని ఉండాల్సిన కాడ 'శుభాకాంక్షలు' అని వడ్డది. జర దిద్దుకోండ్రి, బాగుండదు" అని దినేశ్‌కు బుద్ధి చెప్పి పోయాడు. బొమ్మ తప్పయి ఉంటుందని ఒక్కరికీ తోచలేదు. అక్షరాన్నే అనుమానించారు.

ఆ వెనకే కొమురవ్వ వచ్చింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, రూపాయి బిళ్లంత బొట్టుతో.

"ఏది? నా బొట్టు తుడిచినామె ఏది?"

శైలజ మిషన్ చాటు నుంచి బయటికొచ్చింది. "తప్పైంది చిన్నమ్మా" అంది.

"తప్పైందా? నేను వాకిలి ఊడుస్తుంటె ఆడోళ్లు మందికి మంది వచ్చి నా మీద వడి ఏడ్సిరి. ఎందుకు ఏడుస్తున్రో తెల్వక నేను సుత ఏడ్సిన. ఏడ్సి ఏడ్సి, 'ఇంతకు ఎవలు పోయిన్రే?' అని అడిగితే, 'నీ పెనిమిటే గదనే' అన్నరు. ఆయనేమో నా ఎనకనే యాపపుల్ల నములుకుంట నిలవడ్డడు! ఆయన్ని సూసి ఒకామె కిందవడ్డది. ఆమెకు నీళ్లు చల్లుడు ఒకటి నాకు!"

పక్క చాయ్ కొట్టు వాళ్లంతా గుమిగూడారు. ఎవరో కిసుక్కుమన్నారు. కొమురవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎన్నేండ్లకు గెలిచిండు. గా సంతోషం ఒక్క పూట సుత ఉండనియ్యకపోతివి. ఇంట్ల తలుపేసుకొని కూసున్నడు" అని, వచ్చినంత వేగంగానే వెళ్లిపోయింది.

యాదగిరి తన తప్పేమీ లేదన్నాడు. "ఫోన్ల గింతంత కనవడ్డది. నా ముఖం మంచిగ వచ్చిందా లేదా, గదే సూసిన" అన్నాడు. అది మాత్రం అక్షరాలా నిజం.

దినేశ్ ఫ్లెక్సీ దింపించి, మడత పెట్టి మూలకు పడేశాడు. ఆ తర్వాత శైలజ ముఖం చూడకుండా, "అత్తా, జర కొన్ని దినాలు ఇంటికాడ ఉండరాదు. సంఘపోళ్లంత మన గిరాకీ. నేను ఫోన్ చేస్త" అన్నాడు. ఆ ఫోన్ ఎప్పుడొస్తుందో, హైదరాబాద్ మనిషికి ఫోన్ ఎప్పుడు పోతుందో శైలజకు తెలియంది కాదు.

ఆ మధ్యాహ్నమే సాయవ్వ అరుగు మీద ఆమె చాట ఆమె ఒళ్లోకి వచ్చింది. సాయవ్వ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. కత్తెర, రేకు ముక్క, తడిగుడ్డలో ఆకు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. శైలజ ఆకు మీద రేకు పెట్టి కత్తెర తిప్పింది. చెయ్యి తన పని తాను మరిచిపోలేదు. అదే ఆమెకు ఎక్కువ ఏడుపు తెప్పించింది. పక్కనున్నామె ఉండబట్టలేక, "శైలజక్కా, మా అత్త ఫోటో ఇస్త, జర దండేస్తవా?" అంది. అరుగంతా ఘొల్లుమంది. శైలజ కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడ్చేలా ఉంది.

*

మర్నాడు పొద్దున్నే దినేశ్ ఫోన్. "అత్తా, జల్ది రా. తాత వచ్చి కూసున్నడు. నువ్వొస్తే గని లేవనంటుండు."

కొట్టడానికే అనుకుంది శైలజ. కొడితే కొట్టనీ, మాట పడేకంటే అదే నయమనుకుని పోయింది. రాజమల్లయ్య ఆ రోజు కూర్చున్న కుర్చీలోనే, అదే జాగాలో ఉన్నాడు. మెడలో నిజం పూలదండ ఉంది, వాడిపోయి. అది తీయడం ఆయన మరిచిపోయాడో, కావాలనే ఉంచుకున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

"కూసో. నా ఫోటో తెరువు" అన్నాడు.

తెరిచింది. దండ, దీపాలు, నవ్వు. చూడలేక ఆమె తల దించుకుంది.

"చెయ్యి ఏది?"

"ఏ చెయ్యి కాకా?"

"తీసేసినవ్ గద. ఏడ పారేసినవ్?"

శైలజ దినేశ్ వంక చూసింది. దినేశ్ భుజాలెగరేశాడు. అప్పుడు చెప్పాడు రాజమల్లయ్య, ఎవరితోనూ కానట్టు, తెరతో చెప్పుకున్నట్టు.

"నిన్న పొద్దుగాల మీ చిన్నమ్మ నీ మీదికి లడాయికి వచ్చింది గద. గప్పుడే వచ్చిండు వాడు, ఉప్పలయ్య. కాళ్లకు చెప్పుల్లేవు, చౌరస్తకెల్లి ఉరికొచ్చిండు. కండ్లు ఎర్రగ, చేతుల దండ. తలుపు తోసుకొని లోపటికొస్తే నేను బాసింపట్ట ఏసుకొని కూసొని రొట్టె తింటున్న. ఇద్దరం ఒకల మొకం ఒకలం సూసుకున్నం. నోట్ల ముద్ద దిగుతలేదు నాకు. 'దండెందుకురా?' అన్న. వాడు జర్రంతసేపు నిలవడి, 'అధ్యక్షుడైనవట గద బావా, ఏద్దామని తెచ్చిన' అన్నడు. అని మెడల ఏసిండు."

దినేశ్ నవ్వు ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను వదుల్తనా? 'ఆనాడు చెయ్యి ఎందుకెత్తినవ్ర?' అని అడిగిన. 'చాయ్ పోసేటోన్ని పిలుద్దామని ఎత్తిన బావా, లెక్కల వట్టిన్రు' అన్నడు." రాజమల్లయ్య ముక్కు చీదాడు. "అబద్ధమే ఆడిండు. గని మంచిగ ఆడిండు."

ఆ తర్వాత ఆయన, "చెయ్యి ఉన్నదా, పోయిందా? గది జెప్పు" అన్నాడు. ఆ గొంతులో అధ్యక్షుడు లేడు.

అసలు ఫోటోను ఎన్నడూ ముట్టకు అన్న పాఠం శైలజకు అప్పుడు గుర్తొచ్చింది. దుప్పట్లన్నిటి అడుగున అది కన్ను మూసుకుని పడుకునే ఉంది. ఆమె దాన్ని పైకి గుంజి, కన్ను తెరిచింది. రాజమల్లయ్య భుజం మీదికి చెయ్యి తిరిగొచ్చింది. ఉంగరంతో సహా.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని చూశాడు. "ఉండనీ. గిట్లనే ఉండనీ" అన్నాడు.

"తాతా, మనిషి లేకుండ చెయ్యొక్కటే ఉంటే దయ్యం పట్టుకున్నట్టు ఉంటది. ఉప్పలయ్య తాతను సుత పెట్టాలె" అన్నాడు దినేశ్.

రాజమల్లయ్య ఈ చిక్కును ముందుగా ఊహించలేదు. మెడలో దండను కాసేపు సవరించుకున్నాడు. "సరే, పెట్టు. గని జర చిన్నగ పెట్టు. అధ్యక్షుణ్ణి నేను గద."

శైలజ ఉప్పలయ్యను కూడా తీసి, పక్కన నిలబెట్టి, చిన్నగా చేసింది. ఆయన చిన్నగా అవుతున్నకొద్దీ చెయ్యి భుజం మీంచి జారి మోచేతి దగ్గరికి వచ్చింది. ఇంకా చిన్నగా చేస్తే బావ జేబులో చెయ్యి పెట్టినట్టు ఉంది.

"చిన్నగ చేస్తే చెయ్యి భుజం దాక అందుతలేదు కాకా" అంది శైలజ.

రాజమల్లయ్య తెరను చూశాడు, గెడ్డం గోక్కున్నాడు, మళ్లీ చూశాడు. ఒప్పుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"అయితే ఎంతున్నడో గంతే ఉండనీ" అన్నాడు.

ఉప్పలయ్య మళ్లీ తనంత తాను అయ్యాడు. అప్పుడు చూస్తే భుజం వంకరగా లేదు. అసలు ఎన్నడూ లేనట్టే ఉంది. ఒక మనిషి ఆనుకుంటే ఇంకో మనిషి ఎంత వంగాలో అంతే వంగి ఉంది. శైలజకు ఎందుకో కడుపు నిండినట్టయింది.

ఇక దీపాలు తీసేసింది. దండను కూడా తీసేయబోతే రాజమల్లయ్య, "ఆగాగు" అన్నాడు. "అది ఫ్రేము మీద మంచిగ కుదిరింది. మా నాయినకు ఓటరు కార్డు ఫోటో పెట్టిన్రు, గోడ మీద దొంగ లెక్క సూస్తడు. నాకు గా గతి వద్దు. నేనొక్కన్ని ఉన్న ఫోటోకు దండ గట్లనే ఉంచి, ఏదో మూస్తవు గద, కన్ను, గది మూసి పెట్టు. నేను మూసిననాడు నువ్వది తెరువు."

"అట్లనకు కాకా" అంది శైలజ.

"అంటే పోతనా ఏంది? నిన్న సచ్చిన, ఇయ్యాల లేసి రాలేదా?" అని, దినేశ్ వైపు తిరిగి, "నా ఫైలు ఈమె తప్ప ఇంకొకలు ముట్టొద్దు. బరాబర్ యాది పెట్టుకో" అన్నాడు.

"అంటే నువ్వు బతికినన్ని దినాలు అత్త కుర్చీ పర్మినెంటన్నట్టే" అన్నాడు దినేశ్.

"నూరేండ్లు బతుకుత" అన్నాడు రాజమల్లయ్య.

సాయంత్రానికి కొత్త ఫ్లెక్సీ చౌరస్తాలో పాత జాగాలోనే లేచింది. బావా బావమరుదులిద్దరూ ఒకే కొలతలో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. కింద మూల యాదగిరి నమస్కారం పెడుతున్నాడు. శైలజ ఇంటికి పోతుంటే సాయవ్వ అరుగు మీద తన చాట కనబడింది. సాయవ్వ అందులో పెసర్లు చెరుగుతోంది. తలెత్తి చూసి, "ఇగ రావు గదా?" అంది. "రాను" అంది శైలజ.

గడప దాటకముందే ఫోన్ తీసి కొత్త ఫ్లెక్సీ ఫోటోను భివండీకి పంపింది. అవతల అతను ఏదో రాస్తున్నట్టు తెర మీద కనబడగానే, గబగబా కింద ఇంకో ముక్క రాసి పంపింది.

"ఇద్దరు బతికే ఉన్నరు."